హృద్రోగము: పుట్టుపూర్వోత్తరములు, చికిత్సావిధానము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



గ్రంథాలయ సభలందు కావ్యమును గూర్చియో పురాణమును గూర్చియో ప్రసంగించుట పరిపాటి. రజతోత్సవమువంటి శుభసమయమున రోగప్రస్తావన ఏల అని కొందరికి తోచవచ్చును. అయితే 1906వ సంవత్సరమున హైదరాబాదునందు కొమఱ్ఱాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించినపుడు, చరిత్రలతోబాటు ప్రకృతిశాస్త్రములును తెలుగున వెలువడవలెనని ఆశయముగా పెట్టుకొనిరి. తన దేహములో జరుగునది తన భాషలో తెలిసికొనుట పాఠకుని హక్కు. తెలియకపోవుటచేత ప్రాణనష్టము కలుగు విషయమైనచో, తెలుపుట గ్రంథాలయమునకు విధియు నగును. అట్టి విషయములలో హృద్రోగము ముఖ్యమైనది.

"గుండెజబ్బు పట్టణవాసులకు, కూర్చుండి తినువారికి వచ్చునది, నాగలి పట్టినవానికి, నాట్లు వేసినదానికి రాదు" అని పల్లెలందు ఒక నమ్మకము కలదు. ఈ నమ్మకము ఎంతవరకు నిలుచునో పరీక్షించిన పని తెలుగునాటనే జరిగినది. గోదావరి సీమలోని 45 గ్రామములలో, 2004 అక్టోబరుతో ముగిసిన ఏడాది కాలమున సంభవించిన 1,354 మరణములను ఒక పరిశోధక బృందము విచారించెను. శిక్షణ పొందిన ఆరోగ్యకార్యకర్తలు ఇంటింటికి పోయి, మృతుల బంధువులను అడిగి, ప్రాణము పోయిన తీరును వ్రాసికొనిరి. వైద్యులు ఆ వ్రాతలను చదివి కారణములను నిర్ణయించిరి. తేలినదేమనగా, నూటికి 32 మరణములు గుండె, రక్తనాళములకు సంబంధించిన జబ్బులచేత కలిగినవి. అందు గుండెపోటు, పక్షవాతము రెండును దాదాపు సమానమైన వంతులు పంచుకొన్నవి. అంటువ్యాధుల వంతు నూటికి 12 మాత్రమే. తాతల నాడు కలరా, మశూచి చేసిన పనిని నేడు గుండెజబ్బు నిశ్శబ్దముగా చేయుచున్నది.

మరియొక సంగతి. 52 దేశములలోని గుండెపోటు రోగులను, ఆరోగ్యవంతులను పోల్చి చూచిన పెద్ద పరిశోధన ఒకటి 2004లో వెలువడెను. అందలి లెక్కల ప్రకారము, ఇతరదేశములవారికి మొదటి గుండెపోటు సుమారు 59వ యేట రాగా, మన దక్షిణాసియా ప్రజలకు సుమారు 53వ యేటనే వచ్చుచున్నది. ఆ ఆరేండ్ల వ్యత్యాసము స్వల్పమైనది కాదు. కూతురి పెండ్లి, కొడుకు చదువు, బావి త్రవ్వించిన అప్పు, ఇవన్నియు ఇంకను తీరని వయస్సది. ఇంటి మూలస్తంభము అప్పుడే కూలుచున్నది.

ఇక గుండె సంగతి. పిడికిలి ప్రమాణము కలిగి, సుమారు 300 గ్రాముల తూకముగల ఈ కండర యంత్రము నిమిషమునకు డెబ్బది మారులు, దినమునకు లక్ష మారులు కొట్టుకొనును. నిమిషమునకు సుమారు 5 లీటర్ల రక్తమును, దినమునకు 7,000 లీటర్లను దేహమంతటికిని తోడిపోయును. దేహములోని ఇతర కండరములకు విశ్రాంతి దొరకును, గుండెకు మాత్రము రెండు కొట్టులకు నడుమనున్న లిప్తకాలమే విశ్రాంతి. కండరమునకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును 1927లో ఫిస్క్ అను అమెరికా పండితునితో కలిసి కనిపెట్టినవాడు భీమవరమున పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ శక్తి నిలువ గుండెలో బహు స్వల్పము. అప్పటికప్పుడు రక్తముద్వారా ప్రాణవాయువు అందుచున్నంతవరకే గుండె పనిచేయగలదు.

ఇచట ఒక విశేషము కలదు. గుండె గదులనిండ రక్తమున్నను, ఆ రక్తమును గుండె కండరము నేరుగా త్రాగజాలదు. చెరువు కట్టపైనున్న చెట్టునకైనను వేరు తడియవలెను గదా. గుండెనుండి బయలుదేరు బృహద్ధమని మొదటనే కుడియెడమల రెండు చిన్న ధమనులు చీలి, గుండెను కిరీటమువలె చుట్టుకొని, కొమ్మలుగా రెమ్మలుగా వ్యాపించి కండరమునకు రక్తము నందించును. వీనినే కొరోనరీ ధమనులని, తెలుగున హృద్ధమనులని వ్యవహరింతురు. ఎడమ ధమని మరల రెండు పాయలగును. అందు ముందుభాగమున క్రిందికి దిగు పాయ గుండెలో పెద్ద ఆయకట్టును తడుపును. ఈ ధమనుల లోవెడల్పు మూడునాలుగు మిల్లీమీటర్లకు మించదు. తూము నుండి చివరి భూములదాకా నీరు పారించుటలో కాలువ ఎక్కడ పూడినను దాని దిగువ పైరు ఎండునట్లే, హృద్ధమని ఎక్కడ మూసికొన్నను దాని క్రింది కండరము చచ్చును. ఒక కాలువ ఎండినచో ప్రక్క కాలువనుండి నీరు మళ్లించు వసతి గుండెలో చాల తక్కువ.

మన ప్రాచీనులు హృదయమును ప్రాణస్థానముగా నెరిగినవారే. చరకసంహిత హృదయమునుండి పుట్టు పది మహానాళములను పేర్కొనుటయేగాక, హృద్రోగములను అయిదు తెరగులుగా విభజించెను. సుశ్రుతసంహితయందు హృచ్ఛూల అను పేర గుండెనొప్పి వర్ణన కలదు. అయితే గుండెపైని చిన్న ధమనులు లోలోపల పూడుటయే ఆ శూలకు కారణమని గ్రహించుటకు శవపరీక్షయు, సూక్ష్మదర్శినియు రావలసియుండెను. ప్రాచీనులయెడ గౌరవము తగ్గించుకొనకయే ఈ మాట చెప్పవచ్చును. ఇంగ్లండునందును విలియం హెబర్డెన్ అను వైద్యుడు 1768లో ఎదబిగపట్టు నొప్పిని, నడచినపుడు వచ్చి నిలిచినపుడు తగ్గు దాని స్వభావమును చక్కగ వర్ణించెనుగాని, కారణము నిశ్చయింపలేకపోయెను. ధమనిలో రక్తము గడ్డకట్టుటచే గుండెపోటు కలుగుననియు, అది సోకినవారందరు వెంటనే చావరనియు 1912లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ వివరించిన పిదపగాని స్పష్టత కలుగలేదు.

ధమనులు పూడు ఈ జబ్బునకు పాశ్చాత్యులు పెట్టిన పేరు అథెరోస్క్లిరోసిస్. 1904లో ఫెలిక్స్ మార్చండ్ అను జర్మను పండితుడు రెండు గ్రీకు పదములు కూర్చి ఈ పేరు పెట్టెను. మొదటిదానికి అంబలి అనియు, రెండవదానికి గట్టిదనము అనియు అర్థము. ధమనిగోడను కోసి చూచినపుడు లోపల అంబలివంటి మెత్తని కొవ్వు ముద్దయు, దానిపై గట్టి పొరయు కనిపించుటచే ఆ పేరు తగియున్నది.

బోరునీరు కాచిన గిన్నె అడుగున తెల్లని పొర పేరుకొనుట నల్లగొండ, మహబూబ్‌నగరు జిల్లాల ఇల్లాండ్రందరికి తెలిసినదే. ధమనులలో కొవ్వు కూడ అట్లే లోపలి తలమున అంటుకొనునని పలువురు ఊహింతురు. అది సరికాదు. కొవ్వు చేరునది గొట్టపు లోతలముపై కాదు, గోడ మందములోనికి. ధమని లోపలివైపున అతి సున్నితమైన యొక పలుచని పొర యుండును. పొగాకు విషములు, అధిక రక్తపోటు, రక్తములోని అధిక చక్కెర ఈ పొరను దినదినము గాయపరచును. అప్పుడు ఎల్.డి.ఎల్. అనబడు కొలెస్టరాలు రేణువులు పొరను దాటి గోడలో చొరబడి అచట మార్పు చెందును. దేహమును రక్షించు తెల్లకణములు వానిని శత్రువులని తలచి వెంబడించి మ్రింగును, మ్రింగి అరిగించుకొనలేక నురుగువలె ఉబ్బి అచటనే చచ్చును. అట్లు చచ్చిన కణములు, కొవ్వు కలిసి ముద్దయగును. ధమనిగోడ ఆ ముద్దపై నారపొర నొకదానిని మూతవలె అల్లును. కాలక్రమమున అందు సున్నము చేరి గట్టిపడును.

ఈ పని ఒకనాటిది కాదు, దశాబ్దములది. కొరియా యుద్ధమున మరణించిన 300 మంది అమెరికా సైనికుల గుండెలను పరీక్షించి 1953లో ప్రకటించిన నివేదికలో, సగటున 22 ఏండ్ల ఆ యువకులలో నూటికి 77 మందికి హృద్ధమనులలో ఈ జబ్బు ఛాయలున్నట్లు తేలెను. ఇది కేవలము నేటి కాలపు జబ్బును కాదు. ఈజిప్టు, పెరూ మున్నగు దేశములలో భద్రపరుపబడిన 137 ప్రాచీన మృతదేహములను యంత్రములతో పరిశీలింపగా, మూడవవంతు దేహములలో ఈ జాడలు కనిపించినట్లు 2013లో ప్రకటితమయ్యెను. కావున జబ్బు పాతదే. నేటి జీవనవిధానము దానికి ఎరువు వేయుచున్నది.

ధమని నెమ్మదిగా ఇరుకైనపుడు, నడకలోనో, బరువు మోయునపుడో, మెట్లెక్కునపుడో ఎదలో బిగువు తోచి, నిలిచినంతనే తగ్గును. ఇది ఒక విధము. రెండవది ఇంతకంటె కపటమైనది. ముద్దపైని మూత పలుచనై హఠాత్తుగా చిట్లును. చిట్లిన చోట గాయమైనదని తలచి రక్తఫలకికలు గుమిగూడి రక్తమును గడ్డకట్టించును. నిన్నటివరకు సగము కూడ మూసికొనని ధమని నేడు నిమిషములలో పూర్తిగా మూసికొనును. అందుచేతనే "నిన్న పొలము దున్నినాడు, నేడు లేడు" అను మాట వినవచ్చుచుండును. పరీక్షిన్మహారాజు ఒంటిస్తంభపు మేడ కట్టించుకొని, చుట్టును కావలి పెట్టుకొన్నను, తక్షకుడు పండులో పురుగై లోనికి వచ్చెనని భారతకథ. హృద్రోగము కూడ గోడలో దాగిన తక్షకుడు. అయితే పరీక్షిత్తునకు ఏడు దినముల గడువే యుండెను, నేటి మానవునకు ముప్పది, నలుబది ఏండ్ల గడువు కలదు. ఆ గడువును వినియోగించుకొనుటయే విజ్ఞత.

కారణముల విచారణ ఎట్లు జరిగెనో కొంత తెలుపవలెను. 1913లో రష్యాలో నికొలాయ్ అనిచ్కొవ్ కుందేళ్లకు కొలెస్టరాలు తినిపించి, వాని ధమనులలో ఇట్టి ముద్దలు పుట్టుట చూపెను. 1948లో అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ అను చిన్న పట్టణమున 5,209 మంది స్త్రీపురుషులను చేర్చుకొని, రెండేండ్ల కొకమారు పరీక్షించుచు, ఎవరికి గుండెజబ్బు వచ్చునో, ఎవరికి రాదో తరతరములుగా లెక్కవ్రాయనారంభించిరి. గ్రామలెక్కలలో ఏయేటి పహాణీ ఆయేట వ్రాసినగాని భూమి చరిత్ర తెలియనట్లే, ఏటేటి ఈ లెక్కలవలననే జబ్బు చరిత్ర తెలిసినది. పొగాకు, అధిక రక్తపోటు, మధుమేహము, అధిక కొలెస్టరాలు ప్రధాన శత్రువులని తేలినది. పైన చెప్పిన 52 దేశముల పరిశోధన వీనికి నడుముచుట్టు కొవ్వు, శ్రమలేమి, కూరగాయలు పండ్లు తక్కువైన తిండి, మనోవ్యధ మొదలగువానిని చేర్చి, లోకములోని గుండెపోట్లలో నూటికి తొంబది ఇట్టి తొమ్మిది విషయములతోనే ముడిపడియున్నవని చూపెను. వయస్సును, తల్లిదండ్రులనుండి వచ్చు గుణమును మార్చలేము. తక్కినవి చాలవరకు మార్చదగినవే.

పొగాకు విషయమున ఒక భ్రమ తొలగవలెను. సిగరెట్టు చెడ్డది, బీడీ, చుట్ట, నమలు పొగాకు అంత చెడ్డవికావు అని కొందరనుకొందురు. పొగాకు ఏ రూపమున వాడినను గుండెపోటు భయము పెరుగునని ఆ పరిశోధనయే 2006లో తేల్చినది. మానినచో, పెరిగిన అపాయములో సుమారు సగము ఒకటి రెండు సంవత్సరములలోనే తగ్గును. ముప్పదేండ్లు త్రాగినవాడు "ఇంక మానియేమి లాభము" అనుట సరికాదు.

ఆహారవిషయమున పూర్వపు పల్లెభోజనము చాలవరకు మేలైనది. జొన్నరొట్టె, సజ్జగటక, పప్పు, ఆకుకూర, అంబలి గుండెకు హితములు. వాని స్థానమున మూడుపూటల తెల్లన్నము, పలుమారులు కాగిన నూనెలో వేగిన మిర్చిబజ్జీలు, చక్కెర నిండిన చాయలు, బేకరీ పలహారములు వచ్చి చేరినవి. వనస్పతివంటి గట్టిపరచిన నూనెలలోని హానికరమైన కొవ్వును నూటికి రెండు వంతులకు మించనీయరాదని 2022 జనవరినుండి దేశమున నియమము అమలులోనున్నది. ఉప్పు దినమునకు అయిదు గ్రాములు, అనగా ఒక చిన్నచెంచా మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ సలహా. తొక్కు, వడియములు, అప్పడములు కలిసినచో ఆ లెక్క ఉదయపు భోజనముతోనే తీరిపోవును. శ్రమ మాటకు వచ్చినచో, ట్రాక్టరు, కోతయంత్రము, మోటారుసైకిలు వచ్చిన పిదప రైతు నడక తగ్గినది. వారమునకు 150 నిమిషముల చురుకైన నడక ప్రతివారికి అవసరము.

జబ్బునకు అతిభోజనమే కారణమని తలచుట కూడ పొరపాటు. ఈ విషయమున హైదరాబాదు సమీప గ్రామములలో జరిగిన యొక పరిశోధన లోకప్రసిద్ధమైనది. 1987 నుండి 1990 వరకు, 29 గ్రామములలో 15 గ్రామముల గర్భిణీస్త్రీలకును, ఆరేండ్లలోపు పిల్లలకును పోషకాహారము పంచబడెను, తక్కిన గ్రామములలో ఆ ఏర్పాటు అప్పటికింకను లేకుండెను. ఆ పిల్లలు 13 నుండి 18 ఏండ్లవారైన పిదప, 2003-05 నడుమ, వారిని వెదకి పరీక్షించిరి. తల్లికడుపులోను, పసితనమునందును పోషణ దొరకినవారి ధమనులు తక్కినవారికంటె తక్కువ బిరుసుగా నున్నవనియు, మధుమేహమునకు దారితీయు లక్షణము వారిలో తక్కువగా నున్నదనియు 2008లో ప్రకటించిరి. నలుబదేండ్ల పిమ్మట వచ్చు గుండెజబ్బునకు నివారణ గర్భవతికి పెట్టు అన్నముతోనే ఆరంభమగునని దీని సారాంశము. కరవులు, వలసలు చూచిన పాలమూరు సీమవారు ఈ మాటను ప్రత్యేకముగా గమనింపవలెను. అంగన్‌వాడీలో పెట్టు గ్రుడ్డు, పాలు బిచ్చము కాదు, రాబోవు తరమునకు హృదయరక్ష.

ఇపుడు అత్యవసర విషయము. గుండెపోటు లక్షణములను ఇంటిలో ప్రతివారు తెలిసికొనియుండవలెను. ఎద నడుమ బండ పెట్టినట్లు బరువు లేక మంట, అది ఎడమచేతికో, దవడకో, వీపునకో ప్రాకుట, చల్లని చెమట, ఆయాసము, వాంతి, కండ్లు చీకట్లు కమ్ముట ముఖ్యలక్షణములు. స్త్రీలయందును, మధుమేహము కలవారియందును, ముసలివారియందును నొప్పి స్ఫుటముగా లేక, కేవలము ఆయాసము, అలసట మాత్రమే యుండవచ్చును.

ఒక గ్రామమున ఏబదేండ్ల రైతునకు తెల్లవారుజామున ఎదలో బిగువు పుట్టెననుకొందము. "గ్యాసు" అని సోడా త్రాగించిరి. తగ్గలేదు. వాము నమలించిరి. తెల్లవారిన పిదప ఊరి వైద్యుని పిలిచి సూది వేయించిరి. కొంత తగ్గినట్లు తోచెను. మధ్యాహ్నమునకు మరల పెరుగగా బండి మాట్లాడి పట్టణమునకు బయలుదేరిరి. అప్పటికి ఏడెనిమిది గంటలు గడచినవి. ఆ ఇంటివారిలో ఎవ్వరును అలక్ష్యము చేయలేదు, అందరును ప్రేమతోనే పరుగులెత్తిరి. అయినను కండరము చచ్చిపోయినది. గ్రంథాలయ పుస్తకము ఆలస్యముగా ఇచ్చినచో రుసుము చెల్లింపవచ్చును, గుండె విషయమున ఆలస్యమునకు రుసుము ప్రాణమే. ధమని మూసికొన్న మొదటి గంటలో దానిని తెరచినచో కండరము చాలవరకు బ్రదుకును. గడచిన ప్రతిగంటకు ఫలితము తగ్గి, పండ్రెండు గంటలు దాటినపిదప బహు స్వల్పమగును.

కావున పదిహేను ఇరువది నిమిషములలో తగ్గని ఎదనొప్పి గుండెపోటేయని తలచి నడుచుకొనవలెను. 2005 ఆగస్టు 15న హైదరాబాదున ఆరంభమైన 108 వాహనమునకు వెంటనే ఫోను చేయవలెను. రోగిని నడిపింపరాదు. ఆస్పిరిను పడనిదనిగాని, కడుపులో రక్తస్రావము కలదనిగాని తెలిసియుండనిచో, ఫోనులోని వైద్యసిబ్బందిని అడిగి, 300 మిల్లీగ్రాముల ఆస్పిరిను నమలి మ్రింగింపవలెను. రోగి స్పృహతప్పి, పిలిచిన పలుకక, శ్వాస ఆడనిచో, రెండుచేతులు రొమ్ము నడుమ పెట్టి అయిదు సెంటీమీటర్ల లోతునకు, నిమిషమునకు 100 నుండి 120 మారులు, వాహనము వచ్చువరకు అదుముచుండవలెను. ఇది పదునాలుగేండ్ల విద్యార్థియు నేర్వదగిన విద్య.

దవాఖానలో మొదట జరుగునది ఇ.సి.జి. పరీక్ష. గుండెలోని విద్యుత్తరంగములను కాగితముపై గీయు యంత్రమిది. దీనిని నిర్మించిన డచ్చి శాస్త్రజ్ఞుడు ఐంథోవెన్‌కు 1924లో నోబెల్ బహుమానము లభించెను. ధమని మూసికొన్నదని తేలినచో రెండు మార్గములు కలవు. మొదటిది గడ్డను కరగించు సూదిమందు. 1988లో ప్రకటితమైన 17,187 మంది రోగుల పరిశోధనలో, స్ట్రెప్టోకైనేసు సూదిమందును, ఆస్పిరినును కలిపి ఇచ్చినపుడు, ఏదియు ఇయ్యనివారితో పోల్చగా, అయిదు వారములలో మరణములు నూటికి 42 వంతున తగ్గెను. రెండవ మార్గము యాంజియోప్లాస్టీ. మణికట్టు లేక తొడవద్దనున్న ధమనిద్వారా సన్నని గొట్టమును గుండెవరకు పంపి, చిన్న బుడగ నుబ్బించి దారి తెరచి, మరల మూసికొనకుండ స్టెంటు అను లోహపు వలను నిలుపుదురు. త్వరగా చేయ వీలున్నచోట ఇదియే శ్రేష్ఠము. దూరమైనచో సూదిమందు ముందిచ్చి పంపుట మేలు.

ఈ విద్యలు వచ్చిన తీరు మనోహరమైనది. 1929లో జర్మనీలో ఫోర్స్‌మన్ అను యువవైద్యుడు తన చేతి సిరనుండి తన గుండెలోనికే గొట్టమును పంపుకొని సాహసించెను. కాళ్లలోని సిరను తీసి, పూడిన హృద్ధమనికి ప్రక్కదారిగా కుట్టు బైపాసు శస్త్రచికిత్సను 1967లో క్లీవ్‌లాండునందు ప్రసిద్ధికి తెచ్చిన ఫవలోరో, అర్జెంటీనాలో పండ్రెండేండ్లు పల్లెటూరి వైద్యుడుగా నుండినవాడు. వంటయింటి బల్లపై బుడగలు తయారుచేసి పరీక్షించిన గ్రుంట్‌జిగ్, 1977 సెప్టెంబరు 16న జ్యూరిచ్ నగరమున తొలిసారి హృద్ధమనిని బుడగతో తెరచెను. స్టెంటు 1986లో వచ్చినది. దాని వెల పేదలకు అందనిదిగా నుండుట చూచి, హైదరాబాదునందు అబ్దుల్ కలాము, హృద్రోగ వైద్యుడు బి. సోమరాజు కలిసి, 1990వ దశకమున తక్కువ వెలగల స్టెంటును రూపొందించిరి. క్షిపణులకు పనికివచ్చు విద్య గుండెలకును పనికివచ్చినది. 2017 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వ సంస్థ స్టెంట్ల వెలకు హద్దు విధించి, మందుపూత గలదానికి 29,600 రూపాయలుగను, సాదాదానికి 7,260 రూపాయలుగను నిర్ణయించెను.

ఇచట రైతుకుటుంబములు శ్రద్ధగా వినవలసిన మాట యొకటి కలదు. గుండెపోటు సమయమున స్టెంటు ప్రాణదాత. అందు సంశయము లేదు. అయితే నడచినపుడు మాత్రమే నొప్పి కలిగి, నిలుకడగానున్న రోగులకు, మంచి మందులతోబాటు స్టెంటు వేసినను, మందులు మాత్రమే ఇచ్చినను, మరణములలోను, గుండెపోట్లలోను చెప్పదగిన భేదము లేదని 2007లోను, 2019లోను రెండు పెద్ద పరిశోధనలు తెలిపినవి. స్టెంటువలన నొప్పి మాత్రము తగ్గును. ఎడమ ప్రధానధమని పూడినవారు, గుండె బలహీనపడినవారు ఈ లెక్కలోనివారు కారు. కావున నిలుకడగానున్న రోగిబంధువులు అర్ధరాత్రి భూమి తాకట్టు పెట్టి పరుగెత్తుటకు ముందు, "ఇది వెంటనే చేయవలసినదా? మందులతో కొన్నాళ్లు చూడవచ్చునా?" అని అడుగుట తప్పుకాదు. రెండవ వైద్యుని సలహా కోరుటయు తప్పుకాదు. అడుగవలసిన ప్రశ్న ఎరిగియుండుట చదువువలన కలుగు లాభములలో నొకటి.

ఖర్చు మాటకు వచ్చినచో, ఆరోగ్యశ్రీ పథకము 2007 ఏప్రిల్ 1న మొదట ఆరంభమైన మూడు జిల్లాలలో మహబూబ్‌నగరు ఒకటి. అదే సంవత్సరము డిసెంబరున నల్లగొండ చేరినది. తెలంగాణములో దాని పరిమితి 2023 డిసెంబరు 9న పది లక్షల రూపాయలకు పెంపబడినది. స్టెంటు, బైపాసు రెండును అందు చేరియున్నవి. మహబూబ్‌నగరున 2016లోను, నల్లగొండ, సూర్యాపేటలందు 2019లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. పూర్వమువలె ప్రతిదానికి హైదరాబాదు దారి పట్టవలసిన అగత్యము కొంత తగ్గినది. అర్హతపత్రములు రోగము వచ్చిన నాడు వెదకుటగాక, పట్టాదారు పుస్తకమువలె ముందుగనే సరిచూచి భద్రపరచుకొనవలెను.

చికిత్స దవాఖాననుండి ఇంటికి వచ్చుటతో ముగియదు. స్టెంటు ఒక చోటును మాత్రమే తెరచినది, జబ్బు ధమనులన్నిటియందును కలదు. అందుచే మందులు జీవితకాలము వాడవలెను. కొలెస్టరాలును తగ్గించు స్టాటిను జాతి మందులకు మూలము జపానుదేశపు రైతుబిడ్డ అకిరా ఎండో. ఆరువేల రకముల సూక్ష్మజీవులను శోధించి, బియ్యమున పట్టిన బూజునుండి 1973లో తొలి మందును తీసెను. ఎల్.డి.ఎల్. సుమారు 39 మిల్లీగ్రాములు తగ్గినచో గుండెపోటు, పక్షవాతముల అపాయము అయిదవవంతు తగ్గునని అనేక పరిశోధనల సారము. స్టెంటు పడినవారు రక్తము గడ్డకట్టకుండ వాడు రెండు మాత్రలను వైద్యుడు చెప్పిన గడువుదాకా, సాధారణముగా ఏడాదిదాకా, ఒక్కనాడైన మానరాదు. "ఒంట్లో బాగుగనే యున్నది, మాత్రలేల" అని ఆపుటచే స్టెంటు మూసికొని మరణించినవారు కలరు. బాగుగ నుండుట మాత్రలవలననే.

ఇక నివారణకు గ్రామము చేయదగినది పెద్దపని కాదు. ముప్పది ఏండ్లు దాటిన స్త్రీపురుషులందరు ఏటేట రక్తపోటు, చక్కెర చూపించుకొనవలెను. ఆరోగ్య ఉపకేంద్రములందు ఈ పరీక్షలు ఉచితము. రక్తపోటు 140/90 గాని, పరగడుపున చక్కెర 126 గాని మరల మరల చూచినను తగ్గకుండినచో వైద్యుని వద్దకు పోవలెను. ఈ రెండు జబ్బులకును నొప్పియుండదు. నొప్పి లేదని ఊరకుండుటయే వాని బలము. గ్రంథాలయమున ఆరోగ్యగ్రంథముల బీరువా యొకటి ఏర్పరచి, పత్రికలు చదువు బల్లవద్ద గుండెపోటు లక్షణములు, 108 సంఖ్య పెద్ద అక్షరములతో వ్రాసి వ్రేలాడదీసినచో, చదువు రానివారికి చదివి చెప్పు విద్యార్థులను ఏర్పాటు చేసినచో, ఇరువదియైదేండ్ల ఈ సంస్థ సేవకు అది తగిన కొనసాగింపగును.

పుస్తకమునకు గడువు తీరినచో మరల వ్రాయించుకొనవచ్చును. ఆయుస్సునకు అట్టి వసతి కొంత కలదనియు, అది మన చేతిలో నున్నదనియు తెలిసికొనుటయే ఈ ప్రసంగపు ప్రయోజనము. వచ్చు స్వర్ణోత్సవమునాటికి ఈ సభలోనివారందరు ఆరోగ్యముతో మరల ఇచట కూడుదురుగాక. స్వస్తి.